అయిదు లెక్కపెట్టే చెయ్యి

మా బావను క్వారీలో అందరూ థర్మామీటరు అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరే. పెట్టినవాళ్ళే తర్వాత ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొండ మీద రాతి పలకలు కోసే క్వారీ, కింద మైదానంలో వాటికి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ, మధ్యలో పద్నాలుగు మలుపుల దారి. నాలుగు చక్రాల ట్రెయిలరు నిండా పలకలు పేర్చి, దాన్ని డీజిల్ పికప్ వెనక తగిలించి, రోజుకు రెండు దఫాలు ఆ దారిలో దించడం బావ పని. పక్క సీట్లో కూర్చోవడం, మిగతా చాకిరీ అంతా చేయడం నా పని. నాకు జీతం క్వారీ ఇచ్చేది, తిట్లు బావ ఇచ్చేవాడు. జీతం ఒక్కోసారి ఆలస్యమయ్యేది.

ఆ బావ చెయ్యి ఎలా పోయిందో చెబుతాను. చెప్పేటప్పుడు నన్ను నేను వెనకేసుకొస్తానేమో, మీరు కాస్త కనిపెట్టి ఉండండి.

ముందు బండి సంగతి. నేను అందులో ఎక్కేనాటికే అది మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు అయిదు లక్షల అరవై వేలు దాటింది. మిగతా డ్రైవర్లు దాన్ని ముసల్ది అనేవారు. బావ చెవిన పడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నీ బండి పడుచుదే కదరా, మరి ఎత్తు ఎక్కేటప్పుడు దానికి ఆయాసం దేనికి?" అని నిలదీసేవాడు. ఇంజన్ ఆయిలు పదివేల కిలోమీటర్లకు మార్చమని పుస్తకంలో రాసి ఉంటే ఈయన అయిదువేలకే మార్చేవాడు. "ఆ పుస్తకం షికారు తిరిగేవాళ్ళకి రాశారు. మనం రాళ్ళు లాగేవాళ్ళం" అనేవాడు. ఆయిలు పుల్ల బయటికి తీసి, చివర వేలాడే బొట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా రుద్ది, కళ్ళు మూసుకుని, ఇంకెన్నాళ్ళు తిరుగుతుందో చెప్పేవాడు. వారానికోసారి డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలేవాడు. బరువుకు వెనకభాగం కుంగకుండా కమానుపట్టీల కట్టలో అదనంగా మరో పట్టీ వేయించాడు. దిగుడులో ఒక్క బ్రేకు మీదే ఆధారపడేవాడు కాదు. రెండో గేరులో పెట్టి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచేవాడు. బ్రేకు తొక్కుతూ దిగేవాళ్ళను చూస్తే ఆయన ముఖం అసహ్యంతో ముడుచుకుపోయేది.

అన్నిటికన్నా పెద్ద పట్టింపు ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో దగ్గర. బరువు లాగి వచ్చిన బండిని ఆగీ ఆగగానే ఆర్పేస్తే టర్బో కాలిపోతుందని ఆయన నమ్మకం. అందుకని ఎక్కడ ఆపినా మూడు నిమిషాలు ఇంజన్ ఊరికే తిరగవలసిందే. గడియారం చూసుకుని మరీ ఆర్పేవాడు. అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్న రోజు మేము అప్పుడే ఫ్యాక్టరీలో దించి వచ్చాం. అదే బండిలో ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాం. గేటు ముందు ఆపాడు. అక్క బాధతో పెదవి కొరుక్కుంటోంది. బావ స్టీరింగు వదల్లేదు, గడియారం చూస్తున్నాడు. నా భుజం పట్టుకుని అక్క ఒంటికాలి మీద గెంతుకుంటూ లోపలికి వెళ్ళింది. మూడు నిమిషాల తర్వాత తాపీగా వచ్చి, "కాలు అతుక్కుంటుందే, టర్బో అతుక్కోదు" అన్నాడు. కట్టు కట్టే నర్సు నవ్వింది. అక్క నవ్వలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె ఆ బండి ఎక్కలేదు. ఆ సంగతి ఆయన గమనించాడని నేను అనుకోను.

ఇక చెయ్యి సంగతి. ఎనిమిదో మలుపు దాటగానే దారి పక్కన కాస్త చదును ఉంది. దించే బండ్లన్నీ అక్కడ ఆగుతాయి. చక్రం మధ్యలో బేరింగు ఉండే గుండ్రటి భాగాన్ని హబ్బు అంటాం. బేరింగులో గ్రీజు ఎండినా, బ్రేకు పట్టేసినా ముందు ఆ హబ్బు వేడెక్కుతుంది. పట్టించుకోకపోతే బేరింగు ముక్కలై చక్రం ఊడిపోతుంది. పికప్ వెనక చక్రాలు రెండు, ట్రెయిలరువి నాలుగు, మొత్తం ఆరు హబ్బుల మీదా బావ కుడి అరచెయ్యి పరిచి, పైకి అయిదు లెక్కపెట్టేవాడు. అయిదు దాకా చెయ్యి ఓర్చుకుంటే, "చల్లగానే ఉంది, పోనీ" అనేవాడు. రెండుకో మూడుకో చెయ్యి తీశాడంటే ఆ బండి ఇక కదలదు. ఇందులో మంత్రమేమీ లేదు, చాలామంది చేసేదే. కాని ఈయన వేలితో తాకి లోపలి బేరింగా, బయటి బేరింగా అన్నది కూడా చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది.

ఎగతాళి ఆగిపోయిన రోజు ఒకటుంది. పదకొండేళ్ళ క్రితం ఒక పొట్టి డ్రైవరు ఉండేవాడు. బావ వాడి ట్రెయిలరు ముట్టుకుని, "కాలుతోంది, కదలొద్దు" అన్నాడు. వాడు నవ్వి, "నా బండి నాకు తెలీదా థర్మామీటరూ?" అని వెళ్ళిపోయాడు. పదకొండో మలుపులో చక్రం ఊడింది. పలకల కింద నుంచి ఆ మనిషిని తీయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. బావ గట్టు మీద కూర్చుని చూస్తూ, "చెప్పానుగా" అని మూడుసార్లు అన్నాడు. ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. మర్నాటి నుంచి మేనేజరు కొత్త రూలు పెట్టాడు. క్వారీ బండ్లన్నీ చదును దగ్గర బావ కోసం ఆగాలి. ఆయన అయిదు లెక్కపెట్టందే ఒక్క ట్రెయిలరూ కిందికి దిగకూడదు.

దాంతో ఆయనకు పొగరు నెత్తికెక్కింది. తనకున్న చెయ్యి లేనివాడల్లా ఆయన లెక్కలో మనిషే కాదు. "నీది చెవిటి చెయ్యిరా" అనేవాడు. ఆ మాట ఎక్కువగా నాకే దక్కేది. నేను నలభై దాటిన మనిషిని. బేరింగులకు గ్రీజు పెట్టేది నేను, చక్రాలు విప్పి బిగించేది నేను, చదును దగ్గర బండి జారకుండా చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టేది నేను. అయినా నలుగురూ టీ తాగుతుంటే నన్ను పిలిచి, హబ్బు మీద చెయ్యి పెట్టించి, "ఎంత వేడి ఉందో చెప్పు" అని పరీక్ష పెట్టేవాడు. నేను ఏది చెప్పినా తప్పే. "చూశారా, చెవిటి చెయ్యి!" అనేవాడు, అందరూ ఘొల్లుమనేవారు. నేనూ వాళ్ళతోపాటు నవ్వేవాణ్ణి.

నిరుడు ఎండాకాలంలో ఒకరోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ పొద్దున పొయ్యి మీంచి పాలగిన్నె దించారు. గుడ్డ పట్టుకోకుండా."

"దించితే?"

"పాలు పొంగుతున్నాయిరా. ఒట్టి చేత్తో పట్టుకుని, ఇక్కణ్ణించి ఆ గట్టు దాకా నడిచారు. వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. ఆయనకి తెలియనే లేదు."

బావకు చక్కెర జబ్బు ఉందని అందరికీ తెలుసు. పాదాలు తిమ్మిరెక్కుతాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అది చేతులకూ పాకిందని అక్కకు ఆ పూట తెలిసింది. బావకు మాత్రం చాలా నెలల ముందే తెలిసి ఉంటుంది. అక్క అడిగితే ఇంతెత్తున లేచాడట. ఈ మాట గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానన్నాడట. గడప దాటితే ఏమవుతుందో మాకు వేరే చెప్పాలా? చెయ్యి చచ్చిన థర్మామీటరును క్వారీ ఒక్క పూట కూడా ఉంచుకోదు. స్టీరింగు ఊడుతుంది. ఆ మనిషికి అది తప్ప ఇంకేం ఉంది?

"నువ్వు పక్కనే ఉంటావుగా. ఆయన పరువు పోకుండా ఏదో ఒకటి చెయ్యి" అని అక్క నా రెండు చేతులూ పట్టుకుంది.

చేశాను. చాలా తేలికైన పని. అక్కడ ఆగిన ఏ బండికైనా అడ్డుచెక్క పెట్టడానికి నేను ప్రతి చక్రం దగ్గరా ఆయనకన్నా ముందే వంగుతాను. వంగినప్పుడు వేళ్ళ వెనక కణుపులు హబ్బుకు తాకిస్తాను. చల్లగా ఉంటే మామూలే. వేడిగా ఉంటే, ఆయన అక్కడికి వచ్చి "ఒకటి" అనగానే నేను ఒక్కసారి దగ్గుతాను. మొదటిసారి దగ్గిన రోజు ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. రెండోసారి చూడలేదు. మూడోసారి "రెండు" దగ్గరే చెయ్యి తీసి, "కాలుతోంది, లోపలి బేరింగు" అన్నాడు. ఈ సంగతి మేమిద్దరం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఎనిమిది నెలలు నా దగ్గే ఆయన చెయ్యి అయింది. ఆ ఎనిమిది నెలల్లో కూడా ఆయన నన్ను చెవిటి చెయ్యి అనడం మానలేదు. ఇంకాస్త ఎక్కువే అన్నాడు. పొద్దున నా దగ్గుతో పరువు నిలబెట్టుకుని, మధ్యాహ్నం టీ దగ్గర ఆ పరువుతోనే నా పరువు తీసేవాడు.

ఈ ఏడు క్వారీవాళ్ళు ఇంకో పికప్ కొన్నారు. కొత్తది, సీట్ల మీద కాగితం ఇంకా చింపలేదు. దాని స్టీరింగు నాకు ఇద్దామని మేనేజరు అనుకుంటున్నాడని ఇంకో బండి నడిపే పొడుగు డ్రైవరు నా చెవిలో వేశాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదని చెప్పడానికి సిగ్గేమీ లేదు. పంతొమ్మిదేళ్ళు పక్క సీట్లో కూర్చున్నవాడికి స్టీరింగంటే ఏమిటో పక్క సీట్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున పలకలు ఎక్కించే చోట అందరం ఉన్నాం. మేనేజరు కొత్త బండి మీద చెయ్యి వేసి బావను అడిగాడు.

"ఏమంటావు, మీ బావమరిదికి ఇద్దామా? చేయగలడా?"

నేను తల వంచుకుని నిలబడ్డాను. బావ నన్ను కింది నుంచి పై దాకా కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు.

"వీడికా సార్? వీడిది చెవిటి చెయ్యి. హబ్బు నిప్పైపోయినా వీడికి తెలీదు. ఆరో మలుపులోనే బండినీ రాళ్ళనీ కలిపి లోయలో పోసి వస్తాడు. గ్రీజు పూసుకోవడానికైతే పనికొస్తాడు, అదీ నేను పక్కనుంటే."

ఘొల్లున నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "సరే, అయితే ఇంకోణ్ణి చూద్దాం" అన్నాడు. అంతే, అయిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మాత్రం వాళ్ళతో కలిసి నవ్వలేకపోయాను.

బండి కదిలింది. రెండో గేరులో ఇంజన్ మూలుగుతోంది. నాకు చెవుల్లో ఆ నవ్వే. అయిదో మలుపు దగ్గర వెనక నుంచి కాలిన గ్రీజు వాసన సన్నగా వచ్చింది. ట్రెయిలరు ఎడమవైపు వెనక చక్రంలో గ్రీజు కారకుండా ఆపే సీలు చిరిగిందని కిందటి వారం నేను చూశాను. వచ్చే వారం మారుద్దాంలే అనుకున్నాను. ఆ తప్పు కూడా నాదే, ఎవరి మీదా నెట్టను.

చదును దగ్గర ఆగాం. బావ ఇంజన్ ఆర్పకుండా దిగాడు. వెనక రెండు బండ్లు వచ్చి నిలిచాయి. ఒకదాన్లో మేనేజరు ఉన్నాడు, ఆ రోజు ఆయనకు ఫ్యాక్టరీలో పని పడింది. నేను అడ్డుచెక్కలు పెట్టుకుంటూ వెళ్ళాను. అయిదు చక్రాలు చల్లగా ఉన్నాయి. ఆరోదాని దగ్గర వంగి కణుపులు తాకించాను. చుయ్‌మంది. చటుక్కున చెయ్యి లాక్కుని జేబులో పెట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు నేను ఏమనుకున్నానో దాచను. ఆయన అయిదు లెక్కపెట్టి చల్లగా ఉందంటాడు. అప్పుడు నేను అందరి ముందూ, "ఇంకోసారి చూడు బావా, కాలుతోంది" అంటాను. మేనేజరు వచ్చి చూస్తాడు. ఎవరిది చెవిటి చెయ్యో ఆ ఒక్క పూటతో తేలిపోతుంది. అంతవరకే అనుకున్నాను. అయిదు లెక్కపెట్టేంతసేపు ఆ చెయ్యి అక్కడే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు.

బావ అయిదు చక్రాలూ ముగించి ఆరోదాని దగ్గరికి వచ్చాడు. అరచెయ్యి పరిచాడు.

"ఒకటి."

నేను దగ్గలేదు. ఆయన ఎప్పటిలాగే కొండవైపు చూస్తూ చెవులు రిక్కించి ఉన్నాడు.

"రెండు."

ఈ రెండును కాస్త సాగదీశాడు. తల మెల్లగా నా వైపు తిప్పాడు. ఆ కళ్ళల్లో కోపం లేదు. అడుగుతున్నాడు, అంతే. పంతొమ్మిదేళ్ళలో ఆ మనిషి నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేను ముఖం తిప్పుకుని చెట్ల వైపు చూశాను. నా గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది, మింగేశాను. ఆయన నన్ను నమ్మాడు. చల్లగా ఉందనుకున్నాడు.

"మూడు. నాలుగు."

వేళ్ళ సందుల్లోంచి సన్నగా పొగ లేచింది. మొదట వినిపించింది నవ్వే. థర్మామీటరు ఏదో వేళాకోళం చేస్తున్నాడనుకున్నట్టున్నారు. తర్వాత వాసన వచ్చింది. అది గ్రీజు వాసన కాదు.

"అయిదు. చల్లగానే ఉంది, పోనీ."

"అన్నా! చెయ్యి! నీ చెయ్యి కాలిపోతోంది!" అని పొడుగు డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. బావ చెయ్యి ఎత్తబోతే వెంటనే రాలేదు. వచ్చాక, రావలసిందంతా రాలేదు. ఆయన తన అరచేతిని ఎవరిదో చెయ్యిని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎవరో బండి ఆర్పడానికి పరిగెత్తితే బావ అరిచాడు.

"అప్పుడే ఆపొద్దు! మూడు నిమిషాలు తిరగనీ!"

ఆస్పత్రిలో కట్టు కట్టారు. మేనేజరు మంచం పక్కన నిలబడి ఒక్కటే విషయం తవ్వాడు. ఎన్నాళ్ళ నుంచి స్పర్శ లేదు, ఎన్ని బండ్లను ఇలా గుడ్డిగా దించావు అని. బావ గోడవైపు చూస్తూ పడుకున్నాడు. అప్పుడు మేనేజరు నా వైపు తిరిగాడు.

"అడ్డుచెక్కలు పెట్టేది నువ్వే కదా. చక్రం అంత కాలిపోతుంటే నీకు తెలియలేదా?"

నా చెయ్యి జేబులోనే ఉంది. గోడవైపు నుంచి బావ గొంతు వినిపించింది.

"వాడికేం తెలుస్తుంది సార్. వాడిది చెవిటి చెయ్యి. పొద్దున్నే చెప్పానుగా."

ఆ మాటతో నా మీద ఏ తప్పూ లేకుండా పోయింది. మేనేజరు తల ఊపి వెళ్ళిపోయాడు.

చక్కెర జబ్బు మనిషికి పుండు మానుతుందా? మొదటి నెలలో రెండు వేళ్ళు తీశారు. మూడో నెలలో మణికట్టు దాకా తీసేశారు. ఈలోగా ముసల్దాన్ని నడపడం ఇంకెవరికీ చేతకాక, దాని స్టీరింగు నాకే ఇచ్చారు. కొత్త బండి కోరుకున్నవాడికి బావ బండి దొరికింది. ఆయిలు అయిదువేలకే మారుస్తున్నాను. ఫిల్టరు నీళ్ళు వదులుతున్నాను. మూడు నిమిషాలూ గడియారం చూసుకుంటున్నాను.

చెయ్యి తీసేశాక బావను ఇంటికి తెచ్చిన రోజు అక్క నాకు నీళ్ళు ఇస్తూ నా వేళ్ళు చూసింది. కణుపుల మీద బొబ్బ ఎండిపోయి నల్లటి మచ్చలు పడ్డాయి, మూడు వేళ్ళకు మూడు. గ్లాసు నా చేతికి అందించలేదు.

"ఇదెప్పుడు కాలింది?"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఆ రోజే కదూ? నువ్వు ముందే ముట్టుకున్నావు."

"నా నోటి దగ్గర కూడు లాగేశాడక్కా. నలుగురిలో..."

"నువ్వు వేరే బండి ఎక్కితే ఆయన పక్కన దగ్గేదెవర్రా?" అంది అక్క. గొంతు పెంచలేదు. "నన్ను వదిలి పోవద్దురా అని అడగడం ఆ మనిషికి చేతనవుతుందా? చేతకాకే తిట్టారు. ఆ ముందు రాత్రంతా కూర్చునే ఉన్నారు. వాడు పోతే నా పని అయిపోయిందే, అన్నారు నాతో."

గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆమె నన్ను తమ్ముడూ అని పిలవలేదు. బండి పెట్టే చోటు వాళ్ళ ఇంటి ముందే కాబట్టి రోజూ వెళ్ళవలసి వస్తుంది, కనిపిస్తుంది, తలుపు వేసుకుంటుంది.

చదును దగ్గర ఇప్పుడు మిషను వాడుతున్నాం. గురిపెట్టి మీట నొక్కితే వేడి ఎంతో అంకె చూపిస్తుంది. ఎవరి చెయ్యీ అక్కర్లేదు. కాని సాయంత్రం బండి ఇంటి ముందు పెట్టాక హబ్బులు చేత్తో చూడడం బావ కాలం నుంచి ఉన్న అలవాటు. బావ మెట్ల మీద కూర్చుని ఉంటాడు, మొండిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఆ రోజు గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు. తిట్టడం కూడా మానేశాడు. నేను మొదటి చక్రం దగ్గర వంగి అరచెయ్యి పరిచి, "ఒకటి" అంటాను. మెట్ల మీద నుంచి ఆయన ఒక్కసారి దగ్గుతాడు. రెండో చక్రం దగ్గర మళ్ళీ దగ్గుతాడు. ఆరు చక్రాలకూ ఆరుసార్లు, ఒక్కటి కూడా మరిచిపోడు. హబ్బు చల్లగానే ఉంటుంది, అది నాకు తెలుస్తూనే ఉంటుంది. అయినా చెయ్యి లాగేసుకుంటాను. ఆ ఇంటి ముందు ఒక్క చక్రానికైనా అయిదు దాకా లెక్కపెట్టడం ఇంతవరకు నా వల్ల కాలేదు.